వేపపువ్వు ఎవరిది?

ఉగాది పచ్చడికి మామిడికాయ, కొత్త బెల్లం ఎక్కడైనా దొరుకుతాయి. వేపపువ్వే మా ఫిల్మ్ నగర్‌లో కొనుక్కోవాలి. అందుకే ఆ బాధ్యత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చదివే మా అక్క కూతురిది. 2025 ఉగాదికి, అంటే మార్చి 30న, పువ్వు రాలేదు. ఫోనొచ్చింది.

"పిన్నీ, బుల్డోజర్లొచ్చాయి. మావాళ్ళని పోలీసులు పట్టుకెళ్ళారు."

కంచ గచ్చిబౌలి 400 ఎకరాల సంగతి మీరూ చదివే ఉంటారు. 1974లో విశ్వవిద్యాలయానికి చూపించిన సుమారు 2,300 ఎకరాల్లోదే ఈ ముక్క అని పిల్లలు, కాదని ప్రభుత్వం. 2004లో ఒక ఆటల సంస్థకిచ్చి, 2006లో రద్దు చేసి, కోర్టుల్లో తిరిగి తిరిగి 2024లో ప్రభుత్వానిదేనని తేలింది. సాఫ్ట్‌వేరు కంపెనీలొస్తాయి, ఉద్యోగాలొస్తాయి అన్నారు. ఉద్యోగాలు వద్దనడానికి నేనెవర్ని?

"తనదని తేలినవాడు తన చెట్టు కొట్టుకుంటే తప్పేమిటోయ్?" అన్నారు మావారు, పువ్వులేని పచ్చడి చప్పరిస్తూ. నాకు జవాబు తట్టలేదు.

అంతకు ముందు సంక్రాంతి సెలవుల్లో ఈ పిల్లా, దాని రూమ్మేటూ నా ఎదుటే పోట్లాడుకున్నారు. రూమ్మేటుకి తోట కావాలి. కత్తిరించిన పచ్చిక, బెంచీలు, దీపాలు. "చీకటిపడ్డాక ఆ పొదల పక్కనించి హాస్టలుకి నడిచేది మీరు కాదుగా ఆంటీ" అంది. ఆడపిల్లల తల్లులెవరూ ఆ మాట కాదనలేరు. మా అమ్మాయికేమో ఆ పొదలే ముద్దు. నెమళ్ళు, చుక్కల జింకలు, వీపున నక్షత్రాలున్న తాబేళ్ళు. ఆ ప్రాంగణంలో దొరికి, 2010లో శాస్త్రజ్ఞుల చేత హైదరాబాదు పేరు పెట్టించుకున్న సాలీడు కూడా ఉందట! (మా ఇంట్లో సాలీళ్ళకి దక్కేది చీపురే.)

"తోట ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఇది మనం వేసింది కాదు పిన్నీ" అంది.

నిజమే. మా పేటలో తోట వెయ్యడమెంతసేపు? షూటింగుకని పొద్దున్నే లారీలో కుండీలు దిగుతాయి, సాయంత్రానికి తోట లేచిపోతుంది.

ఉగాది వారమంతా ఆ ఇద్దరూ ఒకే గేటు దగ్గర గొంతు కలిపి అరిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులాపమంది. అప్పటికే సుమారు 100 ఎకరాలు చదునైపోయాయని కోర్టుకి నివేదిక వెళ్ళింది.

మావారి ప్రశ్నకి జవాబు నాకు బీరువా సర్దుతుంటే దొరికింది. మా అత్తగారిచ్చిన కాసులపేరు నాదే. అమ్ముకోకూడదని ఏ కోర్టూ అనలేదు. అయినా చెయ్యి రాదు. ఆవిడ నాకిచ్చింది నా కోడలి దాకా చేర్చమని. పట్టా ఉండటం వేరు, అమ్ముకునే మనసుండటం వేరు. ఈ మాట గొప్పగా మా అమ్మాయికి చెప్పాను.

అది మెచ్చుకోలేదు. "మీ ఇల్లు కట్టకముందు ఇక్కడేముండేది పిన్నీ?" అంది.

బండలుండేవి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లుండేవి. మందు పెట్టి పేల్చి పునాది తీశాం, గృహప్రవేశానికి అందరికీ భోజనాలు పెట్టాం. కొట్టి కట్టుకున్నవాళ్ళకి మాట్లాడే హక్కు లేదంటే ఈ ఊళ్ళో మాట్లాడేవాళ్ళే మిగలరు. ఉందంటే, నా మాట ఎంత చవక! ఏమంటారు?

మా పెరట్లో ఒక బండ ఇంకా ఉంది. దాని పగుల్లోంచి వేపమొక్కొకటి మోకాలెత్తు లేచింది. ఆ బండ తీయించి రెండో కారుకి షెడ్డు వేయిద్దామని మావారు. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు. వచ్చే ఆదివారం అడ్వాన్సు ఇవ్వాలి.