తీయడం, దిగడం

తెలుగులో ఫోటోకు రెండు క్రియలున్నాయి. కెమెరా పట్టుకున్నవారు ఫోటో తీస్తారు, ఎదుట నిలబడినవారు ఫోటో దిగుతారు. దిగడంలో ఇష్టం ఉంది, సిద్ధపడటం ఉంది. అడగకుండా తీసినప్పుడు తీయడం ఒక్కటే మిగులుతుంది. పంచశీలలోని రెండవ శీలాన్ని మనం దొంగతనం చేయకపోవడమని చెప్పుకుంటాం. పాళీలో అక్కడున్న మాట అదిన్నాదానం, అంటే ఇవ్వనిదాన్ని తీసుకోవడం. మరి మనిషి రూపం కూడా ఆ మనిషి ఇస్తేనే తీసుకోవలసినదా?

సూరత్‌లోని అడాజన్‌లో ఉంటూ వారానికి ఒక్క ఫోటో తీయడం నియమంగా పెట్టుకున్నాను. ఫోన్‌తో రోజుకు వంద తీయవచ్చు. ఒక్కటే అని హద్దు పెట్టుకుంటే చూపు నిదానిస్తుంది, పోగుచేసుకునే తృష్ణ తగ్గుతుంది. చలికాలంలో ఒక వారం సర్దార్ వంతెన దగ్గర పోంక్ అమ్మే ఆమె. పోంక్ అంటే లేత జొన్నలు కాల్చి రాల్చిన మన ఊచబియ్యమే. మరో వారం తాపీ నది అవతల లింబాయత్‌లో ఉండే తెలంగాణ నేత కార్మికులు. ఇంకో వారం ఊరికి పోయే రైలు.

ఒక ఉదయం మురుగుకాలువలో పూడిక తీస్తున్న ఒకాయనను ఫోటో తీయనా అని అడిగాను. "ఈ బట్టల్లో వద్దు భాయ్. ఆదివారం ఇంటికి రా" అన్నాడు. వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిల్లలిద్దరినీ పక్కన నిలబెట్టుకుని, బాబాసాహెబ్ పటం కింద కుర్చీలో కూర్చుని దిగాడు. బురదలోని ఫోటో అయితే పత్రికలవాళ్లు వేసుకునేవారని ఒక మిత్రుడన్నాడు. కావచ్చు. కానీ గోడ మీది పటాన్నే చూడండి. బడిలో గోనెసంచి మీద విడిగా కూర్చోవలసి వచ్చిన పిల్లవాడి బొమ్మ కాదు మనం ఇళ్లలో పెట్టుకున్నది. సూటు తొడుక్కుని బాబాసాహెబ్ స్వయంగా దిగిన ఫోటో. నన్ను ఇలా చూడండి అని చెప్పే హక్కు మనిషి గౌరవంలో భాగం. ఆ పారిశుద్ధ్య కార్మికుడు అడిగిందీ అదే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. అందరినీ అడిగే తీయాలంటే అన్యాయానికి సాక్ష్యం ఎలా దొరుకుతుంది? ఇదే గుజరాత్‌లో 2016 జూలైలో, చచ్చిన ఆవు చర్మం ఒలిచారని దళిత యువకులను ఊనాలో వాహనానికి కట్టి కొట్టారు. కొట్టినవారే వీడియో తీసి పంచుకున్నారు. అవమానించడానికి తీసిన ఆ వీడియోనే సాక్ష్యమై దేశాన్ని కదిలించింది. ధమ్మం కర్మను చేతనను బట్టి తూస్తుంది. దౌర్జన్యం చేసేవాడి అనుమతి ఎవరూ అడగనక్కరలేదు, ఎందుకంటే దాచుకునే హక్కు అతనికి లేదు. కానీ దెబ్బలు తిన్నవారి ముఖం వారిదే. న్యాయం కోసం దాన్ని చూపడం వేరు, అలవాటుగా పంచుకుంటూ పోవడం వేరు. ఆ బాధిత కుటుంబం 2018 ఏప్రిల్‌లో బౌద్ధం స్వీకరించింది. వారిని దెబ్బలు తింటున్న బొమ్మగానే మనం గుర్తుంచుకుంటే, కొట్టినవారి కెమెరా ఇంకా పనిచేస్తున్నట్టే.

చర్మంతో పనిచేసిన మరో మనిషిని మనం ఎలా గుర్తుంచుకున్నాం? అమరావతి స్తూపానికి విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు. శాసనంలో ఆయన పేరూ ఉంది, వృత్తీ ఉంది. ఆయన రూపం మనకు తెలియదు. తనంతట తాను ఇచ్చినదే ఇన్ని శతాబ్దాలు ఆయనను నిలిపింది.

అడగడానికి అర నిమిషం పడుతుంది. సరే అన్నవారికి ఒక ప్రింటు తీసుకెళ్లి ఇస్తాను. వద్దన్న వారం తాపీ నదినో, వంతెన మీది వెలుగునో తీసుకుని ఇంటికి వస్తాను. ఆ వారం కూడా సాధనలో లెక్కే.