వాహనశౌచము

మహానవమినాడు ఆయుధపూజకై మోటారుకారును కడిగి, పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలనుంచి, గుమ్మడికాయతో దిష్టి తీయు గృహస్థుడు, తక్కిన సంవత్సరమంతయు ఆ వాహనమును దుమ్ముపాలు చేసి తిరుగుచుండుట మన వీధులలో నిత్యము కానవచ్చుచున్నది. ఒకనాడు పూజార్హమైన వస్తువు మఱునాడు అనాదరమునకు తగినదెట్లగును? దీనికి ఎదురుగా మఱియొక ప్రశ్నయు కలదు. నేడో రేపో తుప్పుపట్టి పాతసామాను దుకాణమునకు పోవలసిన యంత్రమును వారము వారము కడిగి తుడుచుట మోహము గాక మఱేమి? వైరాగ్యమును బోధించు మతమున ఈ పనికి చోటున్నదా?

ఉన్నదనియే నా విశ్వాసము. పతంజలి తన యోగసూత్రములలో అయిదు నియమములను చెప్పుచు శౌచమును మొట్టమొదట నిలిపెను. అంతకంటె ఆలోచింపదగినది, దానికి ఆయన చెప్పిన ఫలము. శుభ్రతవలన దేహముపై ప్రీతి హెచ్చునని గాక, స్వదేహమునందే విముఖత జనించునని ఆయన మతము. ఎంత కడిగినను మరల మలినమగుటయే దీని స్వభావమని కడుగువానికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. కారు విషయమునను ఇంతియే. ముసుగు కప్పి షెడ్డులో దాచుకొన్నవాడు దానిని శాశ్వతమనుకొనవచ్చును గాని, తన చేతితో తలుపు అడుగుఅంచును తుడుచునప్పుడు తుప్పు వేలికి తగిలినవాడు అట్లనుకొనజాలడు.

కడుగుటయందును వివేకము వలయును. ఎండకు వేడెక్కిన రేకుపై పోసిన నీరు తుడుచులోపలనే ఆరిపోవును. బోరునీటిలోని సున్నపులవణములు తెల్లని చుక్కలుగా పేరుకొనును. గనుక నీడపట్టున, ప్రాతఃకాలమున గాని సాయంకాలమున గాని ఈ పని చేయవలెను. దుమ్ముపట్టిన రేకును పొడిగుడ్డతో తుడుచుట కనులకు శుభ్రతగా తోచినను, గుడ్డక్రింద నలిగిన ఇసుకరేణువులు రంగుపై సన్నని గీతలు గీయుచున్నవి. ముందుగా నీటితో ధూళిని జారవిడిచి, పైకప్పు మొదలుకొని క్రిందికి వచ్చి, చక్రములను కట్టకడపట వేఱుగుడ్డతో కడుగుట పద్ధతి. కాకిరెట్ట ఆమ్లగుణము కలది. ఎండినదానిని గోకినచో దానితో రంగే లేచును. తడిగుడ్డ కప్పి కొంతసేపు నానబెట్టినచో సులువుగా విడివడును. మలినమును బలముతో పెఱుకబోయి వస్తువునే గాయపఱచుట, పరులను సంస్కరింపబూనిన వారియందును నేను చూచుచున్నాను. నానుటకు వ్యవధి నీయని శుద్ధి హింసయే యగును.

బయటి పని ఇంతతో ముగియును; అసలు శ్రమ లోపలిది. వ్యాసభాష్యము శౌచమును బాహ్యమనియు ఆభ్యంతరమనియు విభజించి, మన్నుతోను నీటితోను కలుగునది మొదటిదనియు, చిత్తమలములను కడిగివేయుట రెండవదనియు వివరించినది. నలుగురు చూచు రేకు తళతళలాడుచుండగా, కాళ్లక్రింది మ్యాట్లనెత్తి చూచినచో, తీర్థయాత్రలో పంచుకొన్న పులిహోర మెతుకులు ఎండి, వేరుసెనగ తొక్కలతోను, పసిపాప జడనుండి జారిన పిన్నుతోను కలిసి అడుగున అంటుకొని యుండును. వానకాలమున అచటి తడి ఆరక బూజువాసన పుట్టును. దానిని పీల్చువారు వీధిజనులు కారు, మన యింటివారు. మ్యాట్లను దులిపి ఎండవేయుట, సీట్ల సందులలోని దుమ్మును మెత్తని కుంచెతో రాల్చుట, డ్యాష్‌బోర్డును పిండిన తడిగుడ్డతో తుడుచుట, ఇవి యెవరును మెచ్చుకొనని పనులు. తలుపుల అడుగున నీరు జారుటకై సన్నని రంధ్రములుండును. అవి మట్టితో పూడినచో లోపల నిలిచిన నీరు రేకును లోనుండి తినివేయుచుండును, పైరంగు మాత్రము మెఱయుచునే యుండును. ఆ రంధ్రములను పుల్లతో శుభ్రపఱచువానిని ఎవడు చూచును? భగవద్గీత పదునేడవ అధ్యాయమున శౌచము శారీరతపస్సులోను, భావసంశుద్ధి మానసతపస్సులోను లెక్కింపబడినవి. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. కాని చూపరులు లేనిచోట చేసిన మొదటిది రెండవదానికి మిక్కిలి చేరువగునని నా యెఱుక.

ఇక నీటి మాట. ఇది అన్నిటికంటె గడ్డు ప్రశ్న. శుచి కొఱకు ఎంత నీరు వాడుటకు మనకు అధికారము కలదు? 2024 మార్చిలో బెంగళూరు జలమండలి త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి, 5,000 రూపాయల జరిమానా విధించెను. హైదరాబాదు కుళాయిలలో వచ్చు నీటిలో చాలభాగము నాగార్జునసాగరమునుండి కొనితెచ్చిన కృష్ణాజలము. 2016లో పుష్కరస్నానమునకై జనులు లక్షలకొలదిగా దిగిన నదియే అది. రబ్బరుగొట్టమును తెఱచి విడిచి ఆ నీటిని వీధిపాలు చేయుట శౌచమెట్లగును? కారును తడుపుటకొక బక్కెట్టు, గుడ్డను జాడించుటకొక బక్కెట్టు, అద్దములకు చెంబెడు నీరు చాలును. దుమ్ము తక్కువగా నున్న వారమున తడిగుడ్డయే చాలును. కారు కడిగిన సబ్బునీరు హైదరాబాదు మురుగుతో కలిసి మూసీనదిలోనికి పోవును. మూసీ నల్లగొండ సీమలో పారి వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. ఆ దిగువనే విజయవాడ ఘట్టములందు భక్తులు మూడు మునుకలు వేయుచున్నారు. కావున మన గుమ్మము ముందు ఎంత సబ్బు వాడవలెనన్నది మన యింటి లెక్క మాత్రమే కాదు, వారి స్నానపు లెక్కయు.