గోడ మీద మందు

మన ఊళ్ళకు దోమల మందు కొట్టేవాళ్ళు వచ్చినప్పుడు కొన్ని ఇళ్ళు తలుపు తియ్యవు. సిబ్బంది తమ పుస్తకంలో ఆ ఇంటి పక్కన 'నిరాకరణ' అని రాసుకుంటారు. మండల సమావేశానికి వెళ్ళేసరికి ఆ మాట 'గిరిజనులకు అవగాహన లేదు' అని మారిపోతుంది. తలుపు తియ్యకపోవడం తప్పా? తియ్యమని ఒత్తిడి చేసే హక్కు ఎవరికైనా ఉందా? సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీల్లో ఏటా వచ్చే ప్రశ్నే ఇది. కూర్చుని ఆలోచించడం మాత్రం జరగదు.

ముందు ఆ మందు ఏం చేస్తుందో తెలియాలి. గోడకు మందు కొడితే దోమ ఇంట్లోకి రాదని చదువుకున్నవాళ్ళు కూడా అనుకుంటారు. దోమ వస్తుంది, కుడుతుంది కూడా. రక్తం తాగి బరువెక్కిన దోమ దూరం ఎగరలేక గోడ మీద వాలుతుంది. అక్కడున్న మందు కాళ్ళకంటి చస్తుంది. మలేరియా క్రిమి దోమ ఒంట్లో ముదిరి ఇంకొకరికి ఎక్కే స్థితికి రావడానికి దాదాపు 10 రోజులైనా పడుతుంది. ఆలోగా దోమ చస్తే జబ్బు అక్కడితో ఆగినట్టే. అంటే నా గోడ మీది మందు నన్ను అప్పటికే కుట్టేసిన దోమను చంపుతుంది. దాని మేలు ఎక్కువగా పక్కింటి పిల్లకు. నాకు మేలు కావాలంటే పక్కింటి గోడ మీద మందుండాలి. అందుకే 100 గదుల్లో కనీసం 80 గదులకైనా కొట్టాలని నియమం పెట్టుకున్నారు.

దోమతెర సంగతి వేరు. దాని కింద పడుకున్నవాడిని అది కాపాడుతుంది. తెర కట్టుకోనంటే ముందు నష్టపోయేది వాడే. గోడకు మందు వద్దంటే మాత్రం నష్టం ఇంకొకరి గుమ్మంలోకి వెళుతుంది. ఫాల్సిపారం మలేరియా చిన్నపిల్లలకు రోజుల వ్యవధిలోనే మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. కాబట్టి 'నా ఇల్లు నా ఇష్టం' అనే మాట ఇక్కడ పూర్తిగా నిలబడదని నా అభిప్రాయం.

అయితే ఇది మనకు ఎవరో వచ్చి నేర్పాల్సిన నీతి కాదు. ఊరంతా కలిసి మామిడి కొత్తలు చేసేదాకా ఏ ఇల్లూ మామిడికాయ ముట్టదు. చెట్టు నా పెరట్లోదే అయినా అంతే. ఒక ఇంటి పని ఊరందరికీ తగులుతుందన్న సంగతి మన పెద్దలకు తెలుసు. కాకపోతే ఆ కట్టుబాటును ఊరు కూర్చుని పెట్టుకుంటుంది. రోజు చెప్పేది పెద్దలు, దాన్ని పాటించేది అందరూ. మందు కొట్టేవాళ్ళు ఒక్కో తలుపూ తట్టి ఒక్కొక్కరిని అడుగుతారు. అదీ ఉదయం పది గంటలకు, జనం పోడుకో కూలికో పోయాక. తాళం వేసి ఉన్న ఇల్లు కూడా చివరికి మన మొండితనం లెక్కలోకే పోతుంది.

గోడ సంగతి ఇంకొకటుంది. సవర ఇళ్ళలో లోపలి గోడ మీద ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండితో బొమ్మ వేస్తారు. అందులో చనిపోయిన పెద్దలు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు ఉంటారు. వెరియర్ ఎల్విన్ 1955లో ఒడిశా కొండల సవరల మీద వేసిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మల గురించి వివరంగా రాశాడు. చాలా బొమ్మలు జబ్బు తగ్గడానికీ, మళ్ళీ రాకుండా ఉండడానికీ వేసేవే. అంటే పంపు భుజాన వేసుకుని వచ్చినవాడు ఖాళీ గోడ ముందు నిలబడలేదు. అక్కడ అప్పటికే ఒక వైద్యం ఉంది. ఆ బొమ్మ జ్వరాన్ని ఆపుతుందని నేను అనను, పిల్లలకు బడిలో అలా చెప్పను. కానీ దాని మీద తెల్లటి మరకలు పడేలా పంపు కొట్టి, అభ్యంతరం చెప్పిన ముసలమ్మకు అవగాహన లేదని రాసేవాడికి ఉన్న అవగాహన ఎంత? ఆ ఒక్క గోడ వదిలి మిగతా గోడలకూ, చూరు లోపలికీ కొట్టి, ఆ ఇంటికి రెండు తెరలు ఎక్కువిస్తే సరిపోతుంది కదా.

అలకడం గురించి చెప్పే నీతి కూడా ఇలాంటిదే. మందు సుమారు 10 నుంచి 12 వారాలు పనిచేస్తుంది, ఆలోగా పేడతో, మట్టితో అలికితే పోతుంది. ఇది నిజం. శుభ్రంగా ఉండండని చెప్పేవాళ్ళే, పండక్కి గోడ అలకొద్దనీ చెబుతారు. పండగ ఎప్పుడో అడిగి దాని తర్వాత వస్తే ఈ గొడవే ఉండదు. పైగా మన కొండల్లో మలేరియాను మోసే ఒక రకం దోమ మురుగుగుంటలో పెరగదు, గెడ్డ అంచున మెల్లగా పారే తేటనీటిలో పెరుగుతుంది. కాబట్టి మీ మురికి వల్లే జ్వరాలు అనే మాట మర్యాద తప్పడమే కాదు, శాస్త్రం కూడా తప్పు.

చట్టం ఏమంటుంది? మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి 1939 ప్రజారోగ్య చట్టం ఇంట్లోకి వచ్చి చూసే అధికారం అధికారికిచ్చింది. స్థానిక సంస్థల మీద నీళ్ళ బాధ్యత, పారిశుధ్యం బాధ్యత పెట్టింది కూడా ఆ చట్టమే. మొదటి సగం మన గుమ్మం దాకా వచ్చింది. రెండో సగం చాలా ఊళ్ళకు ఇంకా కొండ ఎక్కలేదు.

ఇక్కడ ఉద్దానం గుర్తుకొస్తుంది. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఖాయంగా తేల్చలేదు. అయినా 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, సుమారు 700 కోట్ల రూపాయలతో హిరమండలం నుంచి మంచినీళ్ళు పంపారు. జనం ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది, రావాల్సిందే. అక్కడ కారణం తెలియకపోయినా ప్రభుత్వం బాధ్యత తీసుకుంది. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందని 1897లో సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ కనిపెట్టాడు. కారణం ఇంత తెలిసిన జబ్బుకు మాత్రం బాధ్యత మన అలవాట్ల మీద పడుతుంది!

తలుపు తియ్యాలి. తీసేముందు ఊరి పెద్దలతో, ఎజ్జోడితో ఒక సాయంత్రం కూర్చోవాలి, ఆ మాటలు మన భాషలో జరగాలి. మందు పేరేమిటి, గిన్నెలూ కోళ్ళూ ఎక్కడ పెట్టాలి, పసిపిల్ల ఎంతసేపు బయట ఉండాలి అన్నవి చెప్పాలి. అన్నీ విన్నాక కూడా ఒక ఇల్లు వద్దంటే? 40 ఇళ్ళ ఊళ్ళో ఒకటి రెండు ఇళ్ళు వదిలినా మిగతావి కాపాడతాయి, నియమంలోనే ఆ వెసులుబాటు ఉంది. ఆ ఇంటికి తెరలిచ్చి, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేసేలా ఆశా దగ్గర కిట్లు, మాత్రలు నిండుగా ఉంచాలి. వచ్చే విడతకు మళ్ళీ వెళ్ళి ఆ ఇంటిని అడగాలి. ఈసారి చీకటి పడ్డాక, పోడు నుంచి మనిషి ఇంటికొచ్చాక.