నమ్మకానికి లెక్క అడ్డు కాదు
ఆలుమగల మధ్య డబ్బు, కార్డులు, ధమ్మం



మనం విహారంలో పంచశీల చెప్పుకుంటాం. పున్నమికి కలుస్తాం. అయితే ఇంటికెళ్లి తలుపు వేసుకున్నాక ఆ శీలం ఎక్కడ పరీక్షకొస్తుందో ఎప్పుడైనా గమనించారా? చాలాసార్లు అది డబ్బు దగ్గరే వస్తుంది. బయటివాళ్ల డబ్బు దగ్గర కూడా కాదు, కట్టుకున్న మనిషి డబ్బు దగ్గర, కట్టుకోబోయే మనిషి డబ్బు దగ్గర. అందుకే ఈసారి ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఒక జంటను ఊహించుకోండి. మన తిరువూరు చుట్టుపక్కల ఊరే. అమ్మానాన్నలు పత్తి తీసి, మామిడి తోటల్లో కూలి చేసి చదివించారు. అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అబ్బాయి విజయవాడలో పని చేస్తున్నాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెళ్లి చేసుకుందామనుకున్నారు. ఆమెకు బ్యాంకువాళ్లు క్రెడిట్ కార్డు ఇచ్చారు. "ఒక నెల నాకివ్వు, జీతం రాగానే కడతాను" అన్నాడు. ఆమె తటపటాయించింది. అప్పుడు అతను ఒకే మాట అన్నాడు: "నా మీద నమ్మకం లేదా?"

చెల్లెమ్మా, ఆ మాట వినగానే చాలామంది కార్డు చేతిలో పెట్టేస్తారు. ఎందుకంటే మనకు ఒక పొరపాటు అలవాటైపోయింది. లెక్క అడిగితే నమ్మనట్టు, అడక్కుండా ఇస్తే ప్రేమించినట్టు అనుకుంటాం. ధమ్మం అలా చెప్పదు. నమ్మకమంటే లెక్క అడగకపోవడం కాదు, లెక్క దాచకపోవడం.

బుద్ధ భగవానుని కాలంలో నకులపిత, నకులమాత అనే దంపతులు ఉండేవారు. ఒకసారి నకులపితకు పెద్ద జబ్బు చేసింది. పోతానేమో, నా ఇల్లాలు, పిల్లలు ఏమైపోతారోనని దిగులు పడ్డాడు. అప్పుడు నకులమాత ఆయనకు ధైర్యం చెప్పింది. ఆమె చెప్పిన మొట్టమొదటి సంగతి ఏమిటో తెలుసా? తనకు పత్తి వడకడం వచ్చని, ఉన్ని దువ్వడం వచ్చని, పిల్లల్ని సాకి ఇల్లు నడపగలనని, ఆ దిగులుతో ప్రాణం విడవొద్దని చెప్పింది. ఆయన కోలుకున్నాడు. ఆమె వంటి ఇల్లాలు దొరకడం నీ అదృష్టమని బుద్ధుడు ఆయనతో అన్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నకులమాత ఆ మాట ఎలా చెప్పగలిగింది? ఇంట్లో ఏముందో, ఏం లేదో, ఎంత సంపాదించగలదో ఆమెకు తెలుసు కాబట్టి. భర్త రహస్యంగా చేసిన అప్పులు ఆమె నెత్తిన పడతాయన్న భయం లేదు కాబట్టి. ఈ రోజు మీ ఇంట్లో ఎవరికైనా అనుకోనిది జరిగితే, రెండోవాళ్లు నకులమాతలా మాట్లాడగలరా? లేక బ్యాంకు పాసుపుస్తకం ఎక్కడుందో వెతుక్కోవాలా? ఈ ప్రశ్న ఈ రాత్రికి మీరిద్దరూ వేసుకోండి.

ఇప్పుడు కార్డు సంగతి. మన పల్లెల్లో వడ్డీ లెక్క అందరికీ తెలుసు. నూటికి రెండు రూపాయలంటే పర్వాలేదంటాం, మూడంటే అమ్మో అంటాం. బాకీ మిగిల్చుకుంటే క్రెడిట్ కార్డు వడ్డీ చాలాచోట్ల నెలకు నూటికి మూడు రూపాయల పైనే. కాగితం మీద సంవత్సరానికి 40 శాతం పైన కూడా కనిపిస్తుంది. ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర మనం భయపడే రేటు అది. నున్నగా మెరిసే కార్డు మీద ఉంటే మాత్రం భయం వేయదు!

ఒక లెక్క వేద్దాం. కార్డు మీద 40,000 రూపాయల బాకీ ఉందనుకోండి. నెలకు మూడున్నర రూపాయల చొప్పున వడ్డీ 1,400. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 252. మొత్తం 1,652. "మినిమం కడితే చాలు" అని 2,000 కట్టారు. అసలులో తగ్గింది 348 రూపాయలే. బాకీ ఇంకా చెల్లకముందే కొత్తగా ఏదైనా కొంటే దానికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఫీజు వేరు, వడ్డీ ఆ రోజు నుంచే.

ఇంకో సంగతి. మీ కార్డు మీద ఇంకొకరికి యాడ్-ఆన్ కార్డు తీసిస్తే, వాళ్లు వాడినదంతా మీ బిల్లులోకే వస్తుంది. రేపు ఆ బంధం నిలవకపోయినా బాకీ మీ పేరు మీదే నిలుస్తుంది. సిబిల్ స్కోరు దెబ్బతినేది మీదే. రేపు ఇంటి లోను అడిగినా, పిల్లల చదువుకు లోను అడిగినా ఆ మచ్చ ముందుకొస్తుంది.

మోసం లేకపోయినా చిక్కులు రావచ్చు. 2013లో బెంగళూరులో ఒక బాలింత తన ఏటీఎం కార్డు, పిన్ భర్తకిచ్చి 25,000 తెమ్మని పంపింది. మిషన్ స్లిప్పు ఇచ్చింది, డబ్బు ఇవ్వలేదు. ఖాతాలో మాత్రం కోత పడింది. ఆమె వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. పిన్ ఇంకొకరికి చెప్పడం నిబంధనకు విరుద్ధమని 2018లో తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. భర్త మంచివాడే, ఆమె నమ్మకం తప్పు కాదు. కానీ కార్డు ఎవరి పేరు మీదుంటే బాధ్యత వాళ్లదే. డబ్బు కావాలంటే మీ ఖాతా నుంచి వాళ్ల ఖాతాకు పంపండి, పిన్ పంపకండి.

మన జిల్లా గతం కూడా మరిచిపోవద్దు. 2006లో, అప్పటి కృష్ణా జిల్లాలో, మైక్రోఫైనాన్స్ సంస్థల వడ్డీలు, వసూళ్ల మీద గొడవలు ముదిరి అధికారులు సుమారు 50 శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఏకంగా ఆర్డినెన్సు తెచ్చింది. ఆ అప్పులు ఎక్కువగా ఎవరి పేరు మీద? ఆడవాళ్ల పేరు మీద. సంతకం అమ్మది. ఖర్చు పెట్టింది మాత్రం అన్ని ఇళ్లలో అమ్మే కాదు. వాయిదా తప్పితే గ్రూపులో తోటి ఆడవాళ్ల ముందు తల వంచుకున్నది ఆమే. భర్త చెప్పకుండా వాడుకున్న డ్వాక్రా డబ్బు ఒక్క భార్యకు చేసిన అన్యాయం కాదు, ఆ గ్రూపులో ఉన్న ప్రతి ఇంటికీ చేసిన అన్యాయం.

అన్నలారా, తమ్ముళ్లారా, ఇక్కడ పంచశీలలో రెండోది గుర్తు చేసుకోండి. ఇవ్వనిది తీసుకోకూడదు. "నా భార్యదేగా" అంటే అది ఇచ్చినట్టు కాదు. ఫోనులో ఓటీపీ చూసి చెప్పకుండా కొట్టేయడం ఇవ్వనిది తీసుకోవడమే. "కట్టేశాను" అని చెప్పి కట్టకపోవడం నాలుగో శీలం తప్పడమే. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ దొంగతనం చేయను, అబద్ధమాడను అని ఉంది. అవి ఇంటి గడప దగ్గర ఆగిపోవు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొందరు భార్య జీతం కార్డు మొదటి తారీఖునే తీసేసుకుంటారు. ఆమె తన డబ్బులోంచి బస్సు చార్జీకి కూడా అడుక్కోవాలి. దానికి "ఇల్లు నేనే చూసుకుంటున్నా" అని పేరు. అది నమ్మకం కాదు, పెత్తనం. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు పడమటి దిక్కుగా భార్యాబిడ్డలను చూపించాడు. భర్త భార్యకు చేయవలసిన ఐదింటిలో ఇంటి అధికారం ఆమెకు అప్పగించడం ఒకటి. భార్య చేయవలసిన వాటిలో భర్త తెచ్చినదాన్ని కాపాడడం ఒకటి. ఒకరు అప్పగించాలి, ఒకరు కాపాడాలి. ఇద్దరూ సంపాదించే ఈ రోజుల్లో ఇద్దరూ అప్పగించాలి, ఇద్దరూ కాపాడాలి.

బాబాసాహెబ్ రూపాయి సమస్య మీద 1923లో పుస్తకం రాసిన ఆర్థికవేత్త. ఆయన లండన్‌లో చదువుతుంటే రమాబాయి తల్లి బొంబాయిలో అరకొర డబ్బుతో ఇల్లు ఈదుకొచ్చింది. ఆ చదువులో ఆమె వాటా ఎంతో ఆయనకు తెలుసు. స్త్రీకి ఆస్తి హక్కు కోసం హిందూ కోడ్ బిల్లు తెచ్చి, అది ముందుకు సాగనీయకపోతే 1951లో మంత్రి పదవే వదులుకున్నాడు. ఆయన ఫోటో గోడకు పెట్టుకుని భార్య ఏటీఎం కార్డు జేబులో పెట్టుకుంటే ఆ రెండూ ఎలా కుదురుతాయి?

మరి ఏం చేయాలి? బుద్ధుడు దీఘజాణువు అనే గృహస్థుకు చెప్పిన పోలిక ఉంది. సంపద చెరువు లాంటిది. లోపలికి నాలుగు కాలువలు, బయటికి నాలుగు తూములు. తాగుడు, జూదం, వ్యభిచారం, చెడు స్నేహం తూములు. ఇప్పటి జూదం ఫోనులోకి వచ్చింది. తూము తెరిచి ఉన్న చెరువుకు ఎంత వాన కురిస్తే మాత్రం ఏం లాభం? కాబట్టి కార్డు అడిగినవాళ్లను "ఎంత?" అని మాత్రమే కాదు, "దేనికి?" అని కూడా ప్రేమగా అడగండి.

ఈ పున్నమి నుంచి ఇంట్లో ఇవి మొదలుపెట్టండి.

నెలకోసారి ఇద్దరూ కూర్చుని జీతాలు, అప్పులు, చిట్టీలు, కార్డు బిల్లులు ఒకే కాగితం మీద రాయండి. పెళ్లి అనుకున్నవాళ్లు పెళ్లికి ముందే రాయండి.

ఇంటి ఖర్చుకు ఇద్దరి పేరు మీద ఒక ఖాతా పెట్టుకోండి. ఎవరి ఖాతా వాళ్లకూ ఉండనివ్వండి.

సిగాలోవాద సుత్తంలో చెప్పినట్టు వచ్చినదాన్ని నాలుగు భాగాలుగా చూడండి. ఒకటి తిండికి, రెండు పనికి, ఒకటి కష్టకాలానికి. కూలి ఇంట్లో అంత మిగలదని తెలుసు. నూరు రూపాయలైనా పక్కన పెట్టండి.

ఇంత మొత్తం దాటితే ఇద్దరూ ఒప్పుకున్నాకే అప్పు అని ఒక గీత గీసుకోండి. జామీను సంతకానికీ అదే గీత.

ఇప్పటికే తప్పు జరిగిందా? దాచినవాళ్లు ఈ రోజే చెప్పండి. ఫోను వచ్చాక కాదు, ముందే. తప్పును తప్పుగా ఒప్పుకుని ఇకపై చేయకుండా ఉండటమే ధమ్మంలో ఎదుగుదల. మోసపోయినవాళ్లారా, మైత్రి వదలకండి. కానీ మైత్రికి కళ్లు ఉంటాయి. క్షమించడం వేరు, కార్డు మళ్లీ చేతికివ్వడం వేరు. నమ్మకం తిరిగి రావాలంటే లెక్క తిరిగి రావాలి.

చివరగా ఒక్క సంగతి. మన కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపంలో ఒక చెక్కుడు రాయి ఉండేది. పూర్ణఘటం ఉన్న ఆ పలకను దానం చేసింది విధికుడు అనే చర్మకారుడు. తన ఒక్కడి పేరే చెక్కించుకోలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో కలిసి ఇచ్చానని చెక్కించాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే మనలాంటి శ్రమజీవి ఇంట్లో డబ్బు అందరికీ తెలిసిన డబ్బు. అందుకే అది రాతి మీద నిలిచింది.

మీ ఇంటి లెక్క కూడా రాతి మీద చెక్కినా సిగ్గుపడక్కర్లేనంత తెరిచి ఉండాలని కోరుకుంటూ,

సాధు! సాధు! సాధు!

నమో బుద్ధాయ! జై భీమ్!