తరుగుదల

మన నందికొండ బండల సందుల్లో, పొదల చాటున పసుపు గొంతు పికిలిపిట్ట ఒకటి ఉంటుంది. కొండ పొదపికిలి అని దాని తెలుగు పేరు. 1845లో జెర్డన్ దొర దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. దక్షిణదేశపు రాతికొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. క్వారీలు పెరిగి, పొదలు నరికివేయబడి దాని సంఖ్య తగ్గుతూ వస్తోంది. అంతర్జాతీయ సంస్థలు దాన్ని ముప్పు ఉన్న జాతుల్లో చేర్చాయి.

బ్యాంకులో క్రషర్ అప్పుల కాగితాల మీద నేనూ సంతకాలు పెట్టాను. యంత్రానికి ఏటేటా తరుగుదల చూపారా అని అడిగాను. కొండ తరుగుదల అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు.

ఇల్లు కట్టుకొనేవాడికి జల్లి కావాలి, కూలివాడికి పని కావాలి. కాదనను. నేను ఇవ్వకుంటే మరొకరు ఇచ్చేవారనీ సర్దిచెప్పుకున్నాను. అయితే మాత్రం, నా సంతకం నాది కాకుండా పోతుందా?

పిట్ట ఒక్కనాడే మాయం కాదు. ఏటా కొంచెం తగ్గుతుంది కనుకనే ఎవరి పద్దులోకీ ఎక్కదు. తరుగుదల లెక్క చదువుకున్న నాకే అది కనబడకపోతే ఇంకెవరిని తప్పుపట్టను?

ఇకమీదట క్వారీ కాగితాలు నా బల్ల మీదికి వస్తే, ముందు ఆ కొండ ఎక్కి చూసి వస్తాను. సంతకం సంగతి ఆ తర్వాత.