కొండే దారి ఇచ్చినప్పుడు

పాలకుర్తి గుట్ట ఒకచోట రెండుగా చీలి ఉంటుంది. పాలకుర్తి జనగామ జిల్లాలో ఒక మండలం. గుట్ట మీద ఒక గుహలో సోమేశ్వరుడు, మరో గుహలో లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నారు. చీలిక సంగతి అడిగితే స్థానికులు ఒక కథ చెబుతారు. నిత్యం గుట్ట చుట్టూ ప్రదక్షిణ చేసే ఒక ముసలి ప్రాణానికి ఒంట్లో సత్తువ తగ్గిపోయిందట. ఇక నడవలేనని శివుడికి మొరపెట్టుకుంటే, బండ విచ్చుకుని మధ్యలోంచి దగ్గరి దారి ఇచ్చిందట. భక్తులు ఇప్పటికీ ఆ సందులోంచే నడిచి ప్రదక్షిణ పూర్తి చేస్తారు.

వింటే మహిమ కథలాగే ఉంటుంది. నెమ్మదిగా ఆలోచిస్తే మాత్రం పెద్ద చిక్కే ఎదురవుతుంది. కాళ్ళు పీకేలా నడవడమే మొక్కు అయితే, ఆ నడకను తగ్గించి శివుడు తన భక్తుల పుణ్యానికే గండి కొట్టినట్టు కదా? ఆ కష్టం ఆయనకు అక్కర్లేదంటే, గుడి మెట్ల దాకా బస్సులు పోయే ఈ రోజుల్లో కూడా వేలమంది అడవుల్లో, గుట్టల్లో, వాగుల్లో పడి ఎందుకు నడుస్తున్నారు?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పటినుంచో ఉన్నాయి. మొదటిది లెక్కల జవాబు: ఎంత కష్టపడితే అంత ఫలం. రెండోది జ్ఞానుల జవాబు: అంతటా ఉన్నవాడి కోసం ఎక్కడికో నడవడమేమిటి? తీర్థయాత్రల మీద వేమన విసిరిన చురకలు తెలుగువాళ్ళందరికీ తెలిసినవే. ఈ రెండూ నడిచేవాళ్ళను సరిగ్గా చూడకుండా చెప్పిన జవాబులే. వాళ్ళను దగ్గరగా చూసినవాడు ఒకడున్నాడు. అతను పాలకుర్తివాడే.

పాల్కురికి సోమనాథుడు వీరశైవుడు. వీరశైవులు ఇష్టలింగాన్ని ఒంటి మీదే ధరిస్తారు. దేవుడు నిద్రలోనూ, నడకలోనూ, పొలంలోనూ గుండెకు ఆనుకునే ఉంటాడు. అలాంటివాళ్ళకు శ్రీశైలం దాకా నడవాల్సిన పనేమిటి? సోమనాథుడికి ఆ పని కనబడింది. ‘పండితారాధ్య చరిత్ర’ను అయిదు ప్రకరణాలుగా రాసి, చివరిదైన పర్వత ప్రకరణాన్ని మొత్తంగా శ్రీశైలానికే కేటాయించాడు. అక్కడికి వెళ్ళే జనాన్ని, వాళ్ళ ఆటపాటలను ఒక్కటీ వదలకుండా చెప్పాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు అంటూ ఆనాటి జనం పాటల పేర్లు నేటికీ మనకు తెలిశాయంటే ఆయన చలవే. పండితులు పట్టించుకోని ఆ పాటలు ఆయన చెవిన పడింది ఆ జనం మధ్యనే.

లింగం అప్పటికే మెడలో ఉంది కనుక, ఆ నడక దేవుణ్ణి చేరడానికైతే కాదు. అది తోటి భక్తులను చేరడానికి. సోమనాథుడి గ్రంథాన్ని ఇలా చదివితే పాలకుర్తి కథలోని చిక్కు కూడా చాలావరకు విడిపోతుంది. ప్రదక్షిణ అనేది చెల్లించాల్సిన బాకీ అయి ఉంటే శివుడు మాఫీ చేసేవాడు, ఇంటి దగ్గరే కూర్చోమనేవాడు. ఆయన అలా అనలేదు. నడకను ఆపలేదు, ఆ ముసలి కాళ్ళకు తగినట్టు చేశాడు. నలుగురితో పాటు గుట్ట చుట్టే భాగ్యం ఆ ప్రాణానికి మిగిల్చాడు.

లెక్కల జవాబును చివరిదాకా పట్టుకుపోతే ఏమవుతుందో కూడా శ్రీశైలమే చూపిస్తుంది. రెడ్డిరాజు అనవేమారెడ్డి 1377లో అక్కడ వీరశిరోమండపం కట్టించాడు. వీరశైవ భక్తులు ఆవేశంతో తలలు, నాలుకలు కోసి సమర్పించుకునే చోటు అది. కష్టమే నాణెం అనుకుంటే దానికి అంతిమ చెల్లింపు ప్రాణమే. ఆ తెగువ ముందు నోరు మెదపడం కష్టమే. అయినా, కొండను చీల్చి దారి ఇచ్చిన శివుడికీ, తలను కానుకగా అందుకునే శివుడికీ మధ్య ఎవరిని కొలవాలో మనిషే తేల్చుకోవాలి. పాలకుర్తి గుట్ట కింద ఊళ్ళు ఎప్పుడో తేల్చుకున్నాయి.

ఇప్పుడూ శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం వెళ్ళేవాళ్ళ కోసం నల్లమలలో కాలిబాట తెరుస్తారు. వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టినవాళ్ళు నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కుతారు. నాగలూటిలో పాత వీరభద్రుడి గుడి ఉంది. కర్ణాటక నుంచి తమ ఆడపడుచు భ్రమరాంబకు చీరెసారెలతో వచ్చేవాళ్ళు ఎక్కువ. దారిలో మజ్జిగ పోసేవాడి కులం ఎవరూ అడగరు. మూట మోయలేనివాళ్ళ మూట పక్కవాడి నెత్తికెక్కుతుంది. ఊళ్ళో పలకరించుకోని ఇద్దరు ఒకే కొలనులో నీళ్ళు తాగుతారు. మహారాష్ట్రలో ఆషాఢ ఏకాదశికి దేహూ, ఆళంది నుంచి పల్లకీల వెంట పండరిపురం నడిచే వార్కరీల్లో చాలామంది గర్భగుడిలోకే పోరు. దూరం నుంచి గోపుర కలశానికి దండం పెట్టి వెనుదిరుగుతారు. దారిలో దొరికింది వాళ్ళకు చాలు.

నడిచేది భక్తుడు, ఎదురుచూసేది దేవుడు అన్న ఊహ ఇంతవరకూ అలాగే ఉంది. మహబూబాబాద్ అడవుల్లోకి వెళ్తే ఆ ఊహ కూడా తలకిందులవుతుంది.

గంగారం మండలంలో పూనుగొండ్ల అని ఒక కోయ గూడెం. సమ్మక్క భర్త పగిడిద్దరాజు అక్కడి వేల్పు. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మేడారం జాతర వచ్చిందంటే, పెనక వంశం పూజారులు ఆయన పడిగె (వేల్పు జెండా) పట్టుకుని డోలు చప్పుళ్ళతో కాలినడకన బయల్దేరుతారు. అడవి మధ్యగా, వాగులు దాటుకుంటూ అరవై డెబ్బై కిలోమీటర్లు. దారిలో రాత్రి ఆగుతారు, మళ్ళీ నడుస్తారు. అటు కొండాయి నుంచి సమ్మక్క అల్లుడు గోవిందరాజు వస్తాడు. కన్నెపల్లి నుంచి కూతురు సారలమ్మ బయల్దేరి జంపన్న వాగు దాటుతుంది. మర్నాడు చిలకలగుట్ట దిగి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో గద్దెకు చేరుతుంది. విగ్రహం లేదు, గోపురం లేదు, గర్భగుడి అంతకన్నా లేదు. నాలుగో రోజు వేల్పులంతా తిరిగి అడవికే పోతారు. దాన్ని వనప్రవేశం అంటారు.

ఇక్కడ నడక దేవుళ్ళదే. పుణ్యం కోసం నడిచిందని సారలమ్మను ఎవరూ అనలేరు. భర్త భార్య దగ్గరికి, కూతురు తల్లి దగ్గరికి నడుస్తున్నారు. కాకతీయ సేనలతో పోరులో చెల్లాచెదురైన ఒక కుటుంబం రెండేళ్ళకోసారి ఒక్కచోట కలుసుకుంటోంది. జంపన్న వాగుకు ఆ పేరు వచ్చింది ఆ యుద్ధంలో అందులోనే నేలకొరిగిన సమ్మక్క కొడుకు వల్ల. వాగులో స్నానం చేసే లక్షల మంది, తెలిసో తెలియకో, ఆ ఇంటి దుఃఖంలో తలమునకలవుతారు. కన్నెపల్లిలో ఇంకొకటి చూడాలి. పిల్లలు లేనివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు తడిబట్టలతో దారి పొడుగునా బోర్లా పడుకుంటారు. సారలమ్మను మోసుకొచ్చే పూజారి వాళ్ళ మీదుగా దాటుకుంటూ పోతాడు. వరం పట్టడం అంటారు దాన్ని. భక్తుడు దారిని వెతుక్కోవడం అటుంచి, తనే దారిగా మారిపోయాడు. తెలుగు నేల మీద నడక గురించి ఇంతకంటే లోతైన వేదాంతం రాతలో ఎక్కడా ఉన్నట్టు లేదు.

మరి మొక్కూ ముడుపూ ఏమీ లేకుండా నడిచేవాళ్ళ మాటేమిటి? భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు సెలవురోజుల్లో కుర్రకారు వెళ్తోంది. వాళ్ళ భుజాన ఉండేది నీళ్ళ సీసా, తాడు, కెమెరా. అటవీ శాఖ అక్కడ ట్రెక్కింగ్, బండలెక్కడం నేర్పిస్తోంది. ఆ ఇసుకరాతి గుహల్లో ఆదిమానవుల బొమ్మలున్నాయని 1990లో లోకానికి తెలిసింది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల్లో అడవిదున్న, జింక, పులి, మనుషులు. ఎవరు గీశారో తెలియని ఆ బొమ్మలున్న చోట్లను చుట్టుపక్కల జనం ఎదురు పాండవులు, పంచపాండవులు, గొంతెమ్మ గుట్ట అని పిలుచుకున్నారు. గొంతెమ్మ అంటే కుంతి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని పిల్లలతో అడవులు పట్టిన తల్లి పేరే ఆ గుట్టకు ఎందుకు తగిలిందంటే, తెలియని బాటసారులకు తెలిసిన బాటసారుల పేర్లు పెట్టుకోవడమే జనం పద్ధతి.

అదే జిల్లాలో గణపురం కోటగుళ్ళ దగ్గర కూడా ఇలాంటి ప్రశ్నే నిలబడి ఉంది. రాతి ప్రాకారంలో ఇరవై రెండు గుళ్ళ సముదాయం, కాకతీయుల నాటిది. చాలావాటికి పైకప్పు లేదు, స్తంభాలు ఒరిగిపోయాయి. అలా కూలి పూజ ఆగిన గుడిలో పవిత్రత మిగులుతుందా? ఆగమం అడిగితే పునఃప్రతిష్ఠ చేయమంటుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు మాత్రం ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గిస్తారు, పడిపోయిన రాయిని తొక్కకుండా పక్కనుంచి పోతారు. ఆ జాగ్రత్తకు భక్తి అనే పేరు పెట్టడానికి సంకోచించాల్సిన అవసరం లేదు. పాండవుల గుట్టలో వేల ఏళ్ళనాటి రంగును చేత్తో తాకకుండా వెనక్కి తగ్గిన కుర్రాడు కూడా ఆ క్షణాన యాత్రికుడే. బండ మీద తన పేరు గీకినవాడు, మెడలో ఎన్ని మాలలున్నా, యాత్రికుడు కాడు.

రోడ్లు వేయకూడదని ఈ మాటలకు అర్థం కాదు. మేడారానికి ఆర్టీసీ వేల ట్రిప్పులు తిప్పబట్టే ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు గద్దెలు చూడగలుగుతున్నారు. పాలకుర్తిలో కొండ చీలినట్టే అక్కడ తారురోడ్డు అడవిని చీల్చుకుని వెళ్ళింది. వచ్చిన చిక్కల్లా రోడ్డు వేశాక కాలిబాటను మరిచిపోవడం. గుడికి ఆస్తుల రిజిస్టరు ఉంటుంది, శిథిలానికి పురావస్తు శాఖ బోర్డు ఉంటుంది. పూనుగొండ్ల నుంచి మేడారం దాకా వేల్పు నడిచిన బాటకు అలాంటి రక్షణ కూడా ఇవ్వాలి. ఆ బాట మీద చెట్టు కొట్టేస్తే, వాగు ఎండిపోతే, జాతరలో ఒక భాగం పోయినట్టే లెక్క.

ఇంకొక సంగతి కూడా ఉంది. కొండలంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఇది కాస్త కష్టంగా తోచవచ్చు. సమ్మక్క ఉండే చిలకలగుట్ట మీదికి పూజారులే వెళ్తారు. కోటిమంది వచ్చే జాతరలో ఆ గుట్ట కింద జనసముద్రం ఆగిపోతుంది. అమ్మవారు దిగివచ్చేదాకా ఎదురుచూస్తుంది. శిఖరం కనబడితే ఎక్కాలనిపించడం సహజం. కోయల విశ్వాసం మాత్రం, ఎక్కకపోవడమే కొన్ని గుట్టలకిచ్చే మర్యాద అంటుంది. ములుగు, భూపాలపల్లి అడవుల్లో కొత్త ట్రెక్కింగ్ దారులు గీసేవాళ్ళు, అటవీ శాఖ అయినా పర్యాటక శాఖ అయినా, మ్యాపు తెరిచే ముందే గూడెం పూజారుల దగ్గర కూర్చోవాలి. ఏ బాట అందరిదో, ఏ బాట వేల్పు నడిచేదో, ఏ గుట్ట కింద ఆగిపోవాలో వాళ్ళను అడిగి రాసుకోవాలి.