మెడ వంచని పెద్దలు

ధ్యానభాగము: నెహెమ్యా 3:5, 27



మన సంఘపు యౌవనస్థుడొకడు బడిలో ఉపాధ్యాయుడు. అతడు మొన్న మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, మా హెడ్మాస్టరుగారు హాజరుపట్టీలు, మధ్యాహ్న భోజనపు లెక్కలు అన్నియు నా మీద వేసి, తాము వేపచెట్టు క్రింద పత్రిక చదువుకొందురు. నా తరగతి పిల్లలు పాఠము లేక ఊరకే కూర్చుందురు. ఓర్చుకొనవలెనా? ఎదురు చెప్పుట పాపమా?” అని యడిగెను. మేము వెంటనే ఉత్తర మియ్యలేకపోతిమి.

పని పంచుటయెల్ల సోమరితనము కాదు. మోషే తన మామ మాట విని న్యాయాధిపతులను నియమించెను గాని, కఠినమైన వ్యాజ్యెములను తన యొద్దనే యుంచుకొనెను (నిర్గమ. 18). బరువైన కొన తాను పట్టినవాడు పని పంచినవాడు. బరువంతయు ఒకని నెత్తిన పెట్టి తొలగినవాడు పని తప్పించుకొనినవాడు.

క్రీ.పూ. 445లో నెహెమ్యా యెరూషలేము ప్రాకారము కట్టించినప్పుడు, ఆమోసు ప్రవక్త ఊరైన తెకోవవారును వచ్చిరి. వారి గొప్పవారు మాత్రము ఆ పనికి మెడ వంచలేదు. అయినను ఆ జనులు పని మానలేదు. తమ భాగము గాక మరియొక భాగమును బాగుచేసిరి. గోడ పెద్దలది మాత్రమే కాదు, దాని వెనుక నిద్రించు బిడ్డలందరిది. 52 దినములలో ఆ ప్రాకారము ముగిసెను.

అయితే ఆ పెద్దలు పనిచేయలేదన్న సంగతి గ్రంథములో ఉన్నది ఉన్నట్లు వ్రాయబడెను. ఒకని బరువు మోయుట ప్రేమయే. మోయనివాడు మోసెనని వ్రాయుట అబద్ధము.

కావున అతనితో ఇట్లు చెప్పితిమి: “నాయనా, చేతనైనంత సాయము చేయుము. పాఠపు గంట మాత్రము విడువకుము, అది పిల్లల సొత్తు. ఆయన చేయనిది చేసినట్లు వ్రాయకుము. మత్తయి 18లో ప్రభువు నేర్పినట్లు మొదట ఒంటరిగా వెళ్లి, మర్యాదతో చెప్పుము. టీ కొట్టు దగ్గర చెప్పకుము. వినకున్నయెడల సాక్షులతో చెప్పుము, అటుపిమ్మట పైవారికి తెలుపుము.”

“ఆయన నా మీద కక్ష కట్టినచో?” అనెను. కట్టవచ్చును, కట్టడని మేము మాట ఇయ్యలేము. అయితే భయము అనేక మారులు సాత్వికమను పేరు పెట్టుకొని మనలో కూర్చుండును.

అతడు వెళ్లిన తరువాత మా మనస్సాక్షి మమ్మును పొడిచెను. రోగులను దర్శించు పనిని నెలల తరబడి బైబిలు స్త్రీ మీదనే విడిచితిమి. ఎండలో ఆమె నడిచెను. కృతజ్ఞతలు మాకు వచ్చెను. నెహెమ్యా అధిపతియై యుండియు 12 సంవత్సరములు తన భత్యము తీసికొనక, గోడపనిలో తానును నిలిచెను. సిగ్గుపడి, మరునాడు మేమును ఆమెతో కూడ బయలుదేరితిమి.

సంఘపెద్దలారా, కోడలికి పనియంతయు అప్పగించిన అత్తలారా, పాలేరుకు కాడి విడిచిన ఆసాములారా! మన క్రిందివారు మనలను గూర్చి ఎవరికి మొరపెట్టుచున్నారో యోచింతము. మన మెడలు వంగునట్లు ప్రభువు కృప చేయునుగాక. ఆమేన్.